కారు అద్దం పగిలితే

పిల్లలూ! కారుకు అటూ ఇటూ చెవుల్లాగా రెండు అద్దాలు ఉంటాయి, చూశారు గదా? కారు వీధిలో ఆగి ఉన్నప్పుడు ఒక పిచ్చుక వచ్చి ఆ అద్దం అంచు మీద వాలి, అందులో కనబడే పిచ్చుకతో పోట్లాడటం కూడా మీలో కొందరు చూసే ఉంటారు. అద్దంలో ఉన్నది తన బొమ్మేనని దానికి తెలియదు. అద్దాల విషయంలో మనుషులు కూడా అప్పుడప్పుడు ఆ పిచ్చుకలాగే మోసపోతారు. నేను మోసపోయాను. ముప్ఫై యేళ్ళకు పైగా బడిలో దర్పణాల పాఠం చెప్పినవాణ్ణి గనక ఈ సంగతి చెప్పుకోవటానికి నాకు కాస్త సిగ్గుగానే ఉన్నది. అయినా చెబుతాను.

మా పాత కారును ఇంటి ముందు వీధిలోనే నిలుపుతాను. ఒక సంత రోజున గేదెల మంద ఒకటి మా వీధిన వెళ్ళింది. అందులో ఒక గేదెకు మెడ దురద పుట్టింది కాబోలు, కారు ఎడమవైపు అద్దానికి మెడ ఆనించి ఒక్క రుద్దు రుద్దింది. కొమ్ము తగిలి అద్దం ఫటుక్కుమన్నది. నేను అరుగు దిగి వెళ్ళేలోపల సగం గాజు కింద పడింది. గేదె మటుకు ఏమీ ఎరగనట్టు నడిచిపోయింది.

అద్దం చుట్టూ ఉండే నల్లని ప్లాస్టిక్కు డిప్ప చెక్కు చెదరలేదు. పోయింది గాజు మాత్రమే. అరచెయ్యంత గాజు ముక్క కోసం మెకానిక్కు దాకా ఎందుకులే అనుకున్నాను. ముక్కలను కాగితం మీద పేర్చి, వాటి చుట్టూ గీత గీసి, ఆ కాగితం పట్టుకుని అద్దాలు కోసే కొట్టుకు వెళ్ళాను. నిలువుటద్దాలు చేసే గాజులోంచి ఆ ఆకారానికి సరిగ్గా కోసి ఇచ్చారు. వాళ్ళ తప్పేమీ లేదు. నేను అడిగిందే వాళ్ళు ఇచ్చారు. ఇంటికి తెచ్చి అంటించాను. ఎంత చక్కగా అమరిందనుకున్నారు! పాత అద్దంలోకంటె బొమ్మ పెద్దదిగా, స్పష్టంగా ఉన్నది. మా మనవడు కూడా భేష్ అన్నాడు.

నాలుగో రోజు సాయంకాలం బజారు వీధి నుంచి మా సందులోకి కారును ఎడమకు తిప్పబోతున్నాను. ఎడమ అద్దంలోకి చూశాను. ఖాళీ రోడ్డు కనిపించింది. చక్రం తిప్పాను. అంతలోనే సైకిలు గంట గణగణా మోగింది. గట్టిగా బ్రేకు తొక్కాను. కిటికీలోంచి చూద్దును గదా, ఎడమ తలుపు పక్కనే ఒక బడిపిల్ల సైకిలు మీద నుంచి ఒక కాలు నేల ఆనించి నిలబడి ఉన్నది. సైకిలు ముందు చక్రం కారు రేకుకు తాకింది. మరొక్క జానెడు ముందుకు పోనిచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

"మాస్టారూ! నేను బజారు మొదటి నుంచీ మీ వెనకనే ఓ పక్కగా వస్తున్నాను గదండీ. అద్దంలో చూళ్ళేదా?" అన్నది ఆ పిల్ల.

చూశాను. చూసినా కనబడలేదు. ఆ పిల్లను జాగ్రత్తగా ఇంటికి వెళ్ళమని చెప్పి, కారును నెమ్మదిగా ఇంటికి తెచ్చి, మనవడి పెట్టెలోంచి 15 సెంటీమీటర్ల స్కేలు తీసుకున్నాను. నేను వేసిన ఎడమ అద్దం మీద దాని అంచు ఆనించాను. ఎక్కడా సందు లేకుండా అంటుకుని కూర్చున్నది. తరవాత కారుతోపాటు వచ్చిన కుడివైపు అద్దం మీద ఆనించాను. స్కేలు ఊయలలాగా అటూ ఇటూ ఊగింది! నడుమ తాకుతోంది, రెండు కొసలూ గాలిలో ఉన్నాయి. అప్పుడు తెలిసింది నేను చేసిన పొరపాటు.

కుంభం అంటే కుండ అని మీకు తెలుసు. కుండ పొట్టలాగా బయటికి ఉబ్బి ఉండే అద్దాన్ని కుంభాకార దర్పణం అంటారు. మన దేశంలో కార్ల పక్క అద్దాలు సాధారణంగా ఈ జాతివే. ఇంట్లో తల దువ్వుకునే అద్దం సమతల దర్పణం, అంటే బల్లపరుపుగా ఉండేది. నేను కుండ పొట్ట తీసేసి దాని స్థానంలో పలక పెట్టానన్నమాట.

ఈ రెండింటికీ తేడా ఏమిటో మీరే చూడవచ్చు. ఒక స్టీలు చెంబును బాగా తోమి ఎదురుగా పెట్టుకోండి. చెంబు పొట్టలో మీ ముఖం చిన్నదిగా కనబడుతుంది. మీ వెనక ఉన్న తలుపు, కిటికీ, పైకప్పు, అటు మూల కూర్చున్న అమ్మమ్మ, అందరూ అందులోనే ఇమిడిపోతారు. ఇప్పుడు చెంబు పొట్టంత వెడల్పు ఉన్న మామూలు అద్దం ముక్కను అదే దూరాన పెట్టి చూడండి. మీ ముఖం నిజంగా ఉన్నంతే కనబడుతుంది గాని గది కనబడదు.

ఎందుచేత? బంతిని గోడకు ఏటవాలుగా కొడితే ఎంత వాలుగా తగిలిందో అంత వాలుగానే అటువైపు ఎగిరిపోతుంది. వెలుతురు కూడా అద్దం మీద అంతే చేస్తుంది. మీ కంటి నుంచి అద్దం రెండు అంచులకూ రెండు దారాలు కట్టారనుకోండి. అద్దం తగిలిన తరవాత ఆ దారాలు ఏ దిక్కుగా పోతాయో, ఆ రెండింటి నడుమ ఉన్నదే మీకు కనబడుతుంది. పలకగా ఉన్న అద్దంలో దారాలు కొద్దిగానే విడిపోతాయి. ఉబ్బు అద్దంలో ఒక్కొక్క అంచూ తన పక్కకు తిరిగి ఉంటుంది గనక దారాలు బాగా విచ్చుకుంటాయి. అద్దం ఒక డిగ్రీ తిరిగితే దాని మీద పడి వచ్చే వెలుతురు రెండు డిగ్రీలు తిరుగుతుందని పెద్ద తరగతుల్లో చదువుకుంటారు. ఉబ్బు కొంచెమే అయినా ఫలితం పెద్దది కావటానికి ఇదే కారణం.

ఎంత కొంచెమో లెక్క చూద్దాం. యూరపు నియమాల ప్రకారం కారు పక్క అద్దం వక్రతా వ్యాసార్థం 1200 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంటే 2 మీటర్ల 40 సెంటీమీటర్ల అడ్డుకొలత గల పెద్ద గాజు గోళం నుంచి ఒక ముక్క తీసినట్టు ఉండాలి. అల్లాటి అద్దం 15 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, దాని నడిమి భాగం అంచులకంటె ఎంత ఎత్తుగా ఉంటుందో తెలుసా? 2 మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే! కంటితో చూస్తే ఉబ్బు ఉన్నట్టే తెలియదు. నాకు తెలియకపోవటానికి అదొక సాకు.

ఈ లెక్కను నేల మీద గీసి చూడాలనిపించింది. మరునాడే స్పేరు పార్టుల కొట్టుకు వెళ్ళి మా కారు పేరు, అది తయారైన సంవత్సరం, ఎడమవైపుదని చెప్పి, ఉబ్బు ఉన్న గాజును కొన్నాను. ఆదివారం పొద్దున బడి ఆటస్థలంలో కారు నిలిపి, ఇంజను ఆపి, చేతి బ్రేకు వేసి, తాళంచెవి జేబులో వేసుకుని నా సీట్లో కూర్చున్నాను. మనవడు ముగ్గుపిండి డబ్బా పట్టుకుని కారు వెనక ఎడమవైపున నడిచాడు. అద్దంలో వాడు కనబడినంత సేపూ "ఉన్నావు, ఉన్నావు" అన్నాను. మాయం కాగానే "పోయావు!" అన్నాను. వాడు అక్కడ ఒక చుక్క పెట్టాడు. అల్లా చుక్కలు పెట్టి, వాటిని కలిపి గీత గీశాడు. నేను అంటించిన పలక అద్దానికి సన్నని పట్టీ ఒకటి వచ్చింది, కొబ్బరాకులాగా. 10 మీటర్ల వెనక కూడా అది మీటరుకు కాస్త ఎక్కువ వెడల్పు ఉన్నది, అంతే. తరవాత ఆ అద్దం మీదనే కొత్త గాజును టేపు ముక్కలతో నిలిపి మళ్ళీ నడవమన్నాను. ఈసారి ఎర్రమన్నుతో గీయించాను. విసనకర్ర విచ్చుకున్నట్టు వచ్చింది! 10 మీటర్ల దగ్గర సుమారు మూడున్నర మీటర్లు. అంటే పెద్ద రోడ్ల మీద ఒక వాహనం నడిచే వరస మొత్తం అందులోకి వచ్చేసింది.

సైకిలు పిల్ల ఆ రోజు తెల్లగీతకు బయట, ఎర్రగీతకు లోపల ఉన్నదన్నమాట.

మా మనవడు ఇంకొక సంగతి కూడా కనిపెట్టాడు. వెనక తలుపు పక్కన, కారుకు మూడు నాలుగు అడుగుల ఎడంలో నిలబడితే ఎర్రగీతకు కూడా బయటే ఉన్నాడు. కారు వెనక బంపరు దగ్గర చతికిలబడితే ఏ అద్దంలోనూ లేడు. "తాతయ్యా, ఇక్కడ దాగుడుమూతలు ఆడితే ఎవరూ పట్టుకోలేరు" అన్నాడు. నవ్వు వచ్చింది గాని, ఆగి ఉన్న కారు వెనక పిల్లలు కూర్చుని ఆడుకోవటం తలచుకుంటే ఒళ్ళు జలదరించింది. కారు వెనక్కు తీసేముందు దిగి ఒకసారి చుట్టూ తిరిగి చూడటం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

ఉబ్బు అద్దంలో మరి లోపమేమీ లేదా అంటే, ఉన్నది. విశాలంగా చూపటానికి అది అన్నిటినీ చిన్నవి చేస్తుంది. వెనక 20 మీటర్ల దూరంలో వస్తున్న లారీ, ఎడమ అద్దంలో 60, 70 మీటర్ల దూరాన ఉన్నంత చిన్నగా కనబడుతుంది. ఇంకా చాలా దూరం ఉన్నదిలే అనుకుంటే ప్రమాదం. చాలా కార్ల అద్దాల అడుగున ఇంగ్లీషులో చిన్న అక్షరాలు ఉంటాయి. అద్దంలో కనబడేవి కనబడినదానికంటె దగ్గరలోనే ఉన్నాయని వాటి అర్థం. అమెరికాలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. అక్కడి చట్టం డ్రైవరు వైపు అద్దం బల్లపరుపుగా ఉండాలనీ, అవతలివైపు ఉబ్బు అద్దం పెడితే దాని మీద ఈ హెచ్చరిక ఉండాలనీ చెబుతుంది.

ఇంతకూ కారుకు అద్దం పెట్టాలన్న బుద్ధి మొదట ఎవరికి పుట్టింది? 1909లో ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అనే ఆవిడ, కారు నడిపే స్త్రీల కోసం ఒక పుస్తకం రాసింది. చేతి అద్దం ఒకటి దగ్గర ఉంచుకుంటే అప్పుడప్పుడు ఎత్తిపట్టుకుని వెనక ఏం వస్తున్నదో చూసుకోవచ్చునని అందులో సలహా ఇచ్చింది. రెండేళ్ళ తరవాత, 1911లో, అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 500 మైళ్ళ పందెం మొదటిసారి జరిగింది. తక్కిన కార్లలో డ్రైవరు పక్కన మరొక మనిషి కూర్చుని ఇంజను చూసుకుంటూ, వెనక ఎవరు వస్తున్నారో కూడా చెప్పేవాడు. రే హారూన్ అనేవాడి కారులో ఒక్కడికే చోటు. వెనక చూసేవాడు లేకపోతే ప్రమాదమని తక్కినవాళ్ళు గోల పెట్టారు. అతను తన ఎదట ఒక అద్దం బిగించుకుని పందెంలో దిగాడు, గెలిచాడు కూడా. అయితే ఆ బాట ఇటుకలు పరిచినది. కారు అదురుతుంటే అద్దంలో ఏమీ సరిగా కనిపించనేలేదని తరవాత అతనే చెప్పాడట!

పక్క అద్దాలను ఇంగ్లీషువాళ్ళు "వింగ్ మిర్రర్" అంటారు. చక్రాల మీది మడ్డుగార్డును వాళ్ళు వింగ్, అంటే రెక్క, అంటారు. పాత కార్లలో అద్దాలు ముందు మడ్డుగార్డుల మీద ఉండేవి. ఇప్పుడవి తలుపుల మీదికి వచ్చినా పేరు మారలేదు.

ఇక సరైన మరమ్మత్తు ఎల్లా చెయ్యాలో చెబుతాను. ఇది పెద్దవాళ్ళు చేసే పని. మీరు పక్కన ఉండి సాయం చేయండి. గాజు పగిలినప్పుడు మటుకు ముక్కలు ముట్టుకోకండి. కారు ముందు అద్దం పగిలినా నడుమ పొర ఉంటుంది గనక ముక్కలు ఊడిపోవు. పక్క కిటికీ గాజు బటాణీ గింజల్లాగా రాలుతుంది. కాని ఈ పక్క అద్దం మామూలు గాజు. కత్తుల్లాంటి ముక్కలవుతుంది.

మొదట ఏది విరిగిందో చూసుకోవాలి. గాజు ఒక ప్లాస్టిక్కు పలకకు అంటి ఉంటుంది. ఆ పలక డిప్ప లోపల ఉన్న గుండ్రని కీలుకు కొక్కేలతో పట్టుకుని ఉంటుంది. మనం అద్దాన్ని పైకీ కిందికీ తిప్పితే తిరిగేది ఆ కీలే. గాజు, పలక కలిపి కొత్తవి దొరికితే అంతకంటె సులువు లేదు. పాతదాన్ని లాగి, కొత్తదాన్ని కొక్కేల మీద పెట్టి నడుమ అరచేత్తో నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. కీలు గాని, తలుపు దగ్గరి మడత గాని విరిగితే అది ఇంటి పని కాదు.

నాకు పలక బాగానే ఉన్నది, గాజు ఒక్కటే మార్చాలి. దళసరి చేతి తొడుగులు, కళ్ళజోడు పెట్టుకున్నాను. కింద పాత వార్తాపత్రిక పరిచాను. అద్దం మీద అడ్డంగా, నిలువుగా టేపు అంటించాను. ముక్కలైనా ఊడిపడకుండా ఉంటాయి గదా. తరవాత జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో అద్దాన్ని నెమ్మదిగా వెచ్చచేశాను. వేడికి జిగురు మెత్తబడుతుంది. తొందరపడి మరిగే నీళ్ళు పొయ్యకూడదు. పలక వంకర పోతుంది. జిగురు మెత్తబడ్డాక, గాలం వేసే నైలాను తాడును గాజుకూ పలకకూ నడుమ దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగితే గాజు చక్కగా ఊడి వచ్చింది. కొన్ని కార్లలో అద్దం మీది మంచును కరిగించటానికి గాజు వెనక సన్నని తీగలు ఉంటాయి. అల్లాటివాటిలో తాడు లాగితే తీగలు తెగుతాయి. వాటికి గాజు, పలక కలిసి ఉన్నదే కొనాలి.

పగిలిన ముక్కలను చెత్తబుట్టలో పడెయ్యకండి. దళసరి కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పైన "గాజు" అని రాసి ఇవ్వండి. చెత్త తీసుకుపోయేవాళ్ళ చేతులు కూడా చేతులే.

పలక మీద మిగిలిన జిగురును స్పిరిటు తడిపిన గుడ్డతో తుడవాలి. దుమ్ము ఉంటే ఏ జిగురూ అంటదు. ఇక జిగురు సంగతి. అద్దానికి వెనక లోహపు పూత ఉంటుంది. పూర్వం పాదరసంతో చేసేవారు. 1835లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త లీబిగ్, వెండి లవణపు ద్రావణం నుంచి వెండిని గాజు మీద పలచని పొరగా పేరబెట్టే పద్ధతి కనిపెట్టాడు. నేటి అద్దాలకు అల్యూమినియం, క్రోమియం కూడా పూస్తారు. ఈ పూత ఎంత పలచనిదంటే చిన్న రసాయనం తగిలినా చెడుతుంది. కొన్ని సిలికాను జిగుళ్ళు ఆరేటప్పుడు వినిగరు వాసన వేస్తాయి. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది. అది పూతను తినేసి, కొన్నాళ్ళకు అద్దంలో నల్లమచ్చలు పుట్టిస్తుంది. కాబట్టి అద్దాలకు పనికివచ్చే జిగురు కావాలని అడిగి కొనండి. రెండువైపులా అంటే నురుగు టేపు అయినా సరిపోతుంది. నేను టేపే వాడాను. గాజును పెట్టి అంచులు చూసుకుని, గుడ్డతో నడుమ నుంచి అంచులకు నొక్కి, పైన కాగితపు టేపు అంటించి ఒక రోజంతా నీడలో ఉంచాను. ఆ రోజు బజారుకు నడిచి వెళ్ళాను.

అద్దం అమరాక దాన్ని సరిగా తిప్పుకోవాలి. సీట్లో మామూలుగా కూర్చుని చూస్తే, అద్దం లోపలి అంచున మన కారు రేకు వేలెడు మాత్రం కనబడాలి. రోడ్డు చివర ఆకాశం తగిలే గీత నడుమకు రావాలి. మీలో కారు ఉన్నవాళ్ళు మీ నాన్నగారినో అమ్మనో అడిగి ఇదీ, ఆ స్కేలు పరీక్షా చేసి చూడండి. స్కేలు కొసలు గాలిలో నిలవకుండా పూర్తిగా అంటుకుపోతే ఇంట్లో చెప్పండి.

చివరి పరీక్షకు ఆ సైకిలు పిల్లనే వాళ్ళ అమ్మ అనుమతితో పిలిచాను. వెలుతురుకు ఒక మంచి గుణం ఉన్నది. అది ఏ దారిన పోయిందో అదే దారిన తిరిగి రాగలదు. అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడితే, మీరూ ఆయనకు కనబడతారు. మీకు ఆయన ముఖం కనబడకపోతే, ఆ అద్దంలో మీరు ఆయనకు లేనట్టే. ఈ మాట చెప్పి, ఆగి ఉన్న కారు వెనక సైకిలు నడిపించుకుంటూ రమ్మన్నాను. నాలుగడుగులు వేసి, "కళ్ళజోడు కనబడుతోంది మాస్టారూ!" అన్నది. ఇంకా ముందుకు వచ్చి, వెనక తలుపు దగ్గర ఆగి, "ఇప్పుడు లేరు" అన్నది. ఒక్క క్షణం ఆలోచించి, తనే మూడడుగులు వెనక్కు వేసింది.

ఇప్పుడు సంత రోజుల్లో మటుకు రెండు అద్దాలనూ లోపలికి మడిచే ఉంచుతున్నాను. కిందటి వారం గేదెలు మళ్ళీ వెళ్ళాయి. వాటిలో ఒకటి కారు దగ్గర ఆగి అటూ ఇటూ చూసింది గాని, దానికి మెడ రుద్దుకునే చోటు దొరకలేదు.